ధర్మపురి ఉస్తాద్ పెట్టే పరీక్ష

ధర్మపురిలో గుడి వీధి దాటి జగిత్యాల రోడ్డు మీదికి వస్తే పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. బయట నాలుగైదు స్ప్లెండర్లు, చక్రాలు ఊడిన లూనా ఒకటి. లోపల గోనెసంచుల మీద సగం విప్పిన బుల్లెట్ ఎలక్ట్రా నిలబడి ఉంది. జూన్‌లో అది లద్దాఖ్ వెళ్ళాలి. దూర ప్రయాణాలకు ఇక్కడ బండ్లు ఎలా సిద్ధమవుతాయో చూద్దామని వెళ్ళాను గానీ, బండి కంటే బండి నడిపే కుర్రాడికే అక్కడ ఎక్కువ పని పడుతోంది.

ఆ కుర్రాడికి ముప్పై ఏళ్ళు నిండలేదు. తండ్రి మస్కట్‌లో పనిచేసి వచ్చాక, 2012లో కొన్న బండి ఇది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు గల్ఫ్ సంపాదన ముందుగా ఇంటి స్లాబుగా, తర్వాత ఆడపిల్ల పెళ్ళిగా, ఆ తర్వాత మిగిలితే బండిగా మారుతుంది. షెడ్డు యజమాని కూడా దుబాయి గ్యారేజీలో చేసి వచ్చినవాడే. అందరూ ఉస్తాద్ అంటారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. ఆయన షరతు ఒకటుంది. దూరం పోయేవాడు తన బండికి తానే పంచర్ వేసి, క్లచ్ కేబుల్ మార్చి చూపిస్తే తప్ప తాళం చెవి చేతికి ఇవ్వడు.

గోడకు ఆనించిన అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో దారి గీసి ఉంది. చూస్తే ముచ్చటేసింది. ఈ షెడ్డు ముందరి రోడ్డు 63వ నంబరు జాతీయ రహదారి. పడమరగా కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూరు వెళితే 44 తగులుతుంది. అక్కడ కుడివైపు తిరిగితే నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, లూధియానా, జమ్మూ, శ్రీనగర్. అంటే ధర్మపురి గడప నుంచి కశ్మీరు లోయ దాకా గుర్తుపెట్టుకోవలసిన నంబర్లు రెండే. ఎండకు భయపడి బండిని మంచిర్యాల స్టేషన్‌లో పార్శిల్ వేద్దామని కుర్రాడు మొదట అనుకున్నాడట. రైల్లో బండి పంపడం తేలికే. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేసి, హ్యాండిల్‌కూ అద్దాలకూ గోనెపట్టా కట్టి అప్పగిస్తే సరిపోతుంది. ఉస్తాద్ ఒప్పుకోలేదు. నాగ్‌పూర్ దాకా పోయేసరికి బండి రోగం ఏదైనా ఉంటే బయటపడుతుంది, అక్కడైతే వీధికో మెకానిక్ దొరుకుతాడు, రైలు దింపి నేరుగా కొండెక్కిస్తే ఆ రోగం కొండ మీదే బయటపడుతుంది అన్నది ఆయన వాదన. నాకూ అది సబబుగానే తోచింది. ఎండ సంగతికి ఆయన దగ్గర వైద్యం ఒకటే: తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరు, పదకొండు కొట్టేసరికి ఎక్కడున్నా ఆగు.

లేహ్‌కు దారులు రెండు. మనాలి వైపు నుంచి పోతే ఎత్తు ఒక్కసారిగా మీద పడుతుంది. బారాలాచా లా కనుమ దాదాపు 4,890 మీటర్లు, తంగ్‌లాంగ్ లా 5,300 దాటుతుంది. శ్రీనగర్ వైపు జోజి లా మూడున్నర వేల మీటర్లే. ఆ దారిలో అన్నిటికంటే ఎత్తయిన ఫోతు లా 4,108. కాబట్టి శ్రీనగర్ మీదుగా ఎక్కి, లేహ్‌లో రెండు రోజులు కదలకుండా ఉండి, ఒంటికి గాలి అలవాటయ్యాక మనాలి వైపు దిగాలని నిర్ణయం. లేహ్ పక్కనున్న ఖార్దుంగ్ లా పైన చాలాకాలం 18,380 అడుగులని బోర్డు ఉండేది. కొలిచి చూసినవాళ్ళు 17,582 అని తేల్చారు. ఫోటో దిగేవాడికి ఎనిమిది వందల అడుగుల తేడా పట్టదు. కార్బురేటర్‌కు మాత్రం ఏ లెక్కన చూసినా కష్టమే. అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగమే ఉంటుంది. గాలి తగ్గి పెట్రోలు అంతే వస్తుంటే ప్లగ్గు నల్లబడుతుంది, బండి గుంజదు. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ తనంతట తానే సర్దుకుంటుంది. ఈ పాతదానికి చేత్తోనే సర్దాలి. గాలి స్క్రూ ఎటు ఎంత తిప్పాలో కుర్రాడి చేత తిప్పించి, ఇంజన్ చప్పుడు మారడం విన్నాడా లేదా అని ఉస్తాద్ అడిగాడు. "మళ్ళ కిందికి దిగినంక ఎన్కకు తిప్పుడు మర్వకు. లేకుంటే ఇంజన్ కాగుతది."

పెట్రోలు లెక్క నేను అడిగాను. ట్యాంకు పదమూడున్నర లీటర్లు. సామానుతో, ఎత్తు మీద లీటరుకు ముప్పై వచ్చినా నాలుగు వందల కిలోమీటర్లు. మనాలి దారిలో టాండి పంపు దగ్గర 365 కిలోమీటర్ల దాకా ఇంకో పంపు లేదన్న బోర్డు బైకు మీద తిరిగేవాళ్ళందరికీ తెలిసిందే. కుర్రాడు అటు నుంచి దిగుతున్నాడు గనక లేహ్ దాటకముందే నింపుకోవాలి. మిగిలేది ముప్పై నలభై కిలోమీటర్ల పెట్రోలు. ఐదు లీటర్ల డబ్బా ఒకటి చాలు. కుర్రాడు రెండు కొన్నాడు. ఒకటి షెడ్డులోనే ఉండిపోయింది.

అది ఒక్కటే కాదు, ఇంకా చాలా ఉండిపోయాయి. సామాను సంచులు విప్పించే ఘట్టం చూసి తీరాలి.

"ఇల్లంత మూటగట్టినవా తమ్మీ?"

మూడు జీన్సులు, స్పీకరు, మడత కుర్చీ బయటికి వచ్చాయి. తడిస్తే జీన్స్ రెండు రోజులకు గానీ ఆరదు. అమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా కూడా కుర్రాడే తీయబోతే ఉస్తాద్ ఆపాడు.

"అవి ఉండనీ. తినుకుంట పోతే బరువు అదే తగ్గుతది."

మిగిలిన బరువంతా వీలైనంత కిందికి, వెనక ఇరుసుకు ముందు వచ్చేలా కట్టించాడు. వెనక పైకి ఎత్తుగా కడితే వంపుల్లో ముందు చక్రం తేలిపోతుందట.

విడిభాగాల విషయంలో ఆయన పద్ధతి నాకు కొత్త. కొత్త క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, ప్లగ్గులు కొని, వాటిని బండికి బిగించి, ఇంకా పనిచేస్తున్న పాతవాటిని సంచిలో పెట్టిస్తాడు. పాతది పనిచేస్తుందని తెలుసు, కొత్తదాని సంగతి ఇంకా తెలియదు, అది ఇక్కడ తిరుగుతుండగానే తేలాలి. అందుకే బయలుదేరే ముందురోజు ఏ కొత్త సామానూ బిగించడు. గొలుసుకు లాకు, ఫ్యూజులు, ఒక ట్యూబు, కారే ట్యాంకుకు పూయడానికి ఎం-సీల్, ఇనుప తీగ చుట్ట. అంతే.

పంచర్ పరీక్ష అరగంటలో అయిపోతుందనుకున్నాను. ఎలక్ట్రావి ఊచల చక్రాలు, లోపల ట్యూబు ఉంటుంది. ట్యూబ్‌లెస్‌లా బయటి నుంచి ప్లగ్గు గుచ్చేస్తే కుదరదు. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఇరుసు నట్టు విప్పి, చక్రం ఊడదీసి, టైరు అంచు కాలితో తొక్కి లోపలికి దింపాలి. చెమటలు కారుతుండగా కుర్రాడు ట్యూబు లాగి, బకెట్ నీళ్ళలో బుడగలు చూసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి వెంటనే పట్టీ వేయబోయాడు. పక్కన పానాలు తుడుస్తున్న పదహారేళ్ళ పిల్లాడు నవ్వాడు. సొల్యూషన్ ఆరి వేలికి అంటకుండా ఉన్నప్పుడే పట్టీ నిలుస్తుంది. ఆరింది, వేశాడు, టైరు ఎక్కించాడు, గాలి కొట్టాడు. పది నిమిషాల్లో మళ్ళీ దిగిపోయింది. ఉస్తాద్ ఏమీ అనలేదు. టీ తెప్పించాడు. టైరు లోపల చేయి పెట్టి తడమకుండానే ట్యూబు ఎక్కించాడు గనక, గుచ్చుకున్న మొల అక్కడే ఉంది. దాన్ని పెట్టింది ఉస్తాదే అని నాకు తర్వాత తెలిసింది.

బ్రేకుల దగ్గర మాత్రం ఆయన పరాచికాలాడడు. ఈ జిల్లాలో ఎవరూ ఆడరు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. బండి కొంటే పూజకు తీసుకుపోయే కొండ అది. వెనక డ్రమ్ములో షూలు, ముందు డిస్కు ప్యాడ్లు మార్చి, అవి అరిగి కుదురుకోవడానికి సామానంతా కట్టి ఒక చుట్టు తిరిగి రమ్మన్నాడు: రాయపట్నం దగ్గర గోదావరి దాటి లక్షెట్టిపేట, మంచిర్యాల, ఆసిఫాబాద్, అక్కడి నుంచి కెరమెరి ఘాట్ ఎక్కి ఉట్నూరులో రాత్రి ఉండి, గుడిహత్నూరు దగ్గర 44 ఎక్కి నిర్మల్, ఆర్మూరు మీదుగా వెనక్కి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు తొక్కి పట్టకుండా రెండో గేరులో ఇంజన్‌తోనే ఆపుకోవాలి. తిరిగొచ్చాక ప్రతి నట్టూ మళ్ళీ బిగించాలి, బుల్లెట్ అదురుకు ఏవో వదులవుతాయి.

ఇదంతా అతి జాగ్రత్త అనేవాళ్ళు ఉంటారు. 2018లో జైభారతి బృందం, హైదరాబాద్ నుంచి నలుగురు మహిళలు, బైకుల మీద మయన్మార్, లావోస్, వియత్నాంల మీదుగా దాదాపు పదిహేడు వేల కిలోమీటర్లు తిరిగొచ్చారు. అలాంటి ప్రయాణాల్లో మనం చూసేది జెండా ఊపే ఫోటో. దానికి ముందు ఇలాంటి షెడ్లలో నల్లబడిన చేతులు ఎవరి ఫోటోలోకీ రావు.

సాయంత్రం కుర్రాడి తల్లి వచ్చింది. నరసింహస్వామి గుడి ప్రాంగణంలో యముడికి కూడా ఆలయం ఉంది. అక్కడ గండదీపంలో నూనె పోసి వస్తోంది. ధర్మపురికి వచ్చినవాళ్ళకు యమపురి ఉండదని ఈ ఊరి మాట. ఊరు విడిచి పోయేవాడి గురించి ఆ మాట ఏమీ చెప్పదు కదా అని ఆమె దిగులు. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, లైసెన్సు ఫోన్‌లో డిజిలాకర్‌లో ఉన్నా కాగితాలు కూడా పెట్టుకున్నాడని కొడుకు చూపించాడు. ఆమె వాటి వంక చూడలేదు.

"ఫోన్ కలుస్తదా అక్కడ?"

ఉస్తాద్ జాబితాలో లేనిది అదొక్కటే. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ కావాలి. కుర్రాడిది ప్రీపెయిడ్.

"రేపు పొద్దుగాల జగిత్యాల పోయి మార్పిచ్చుకో," అన్నాడు ఉస్తాద్, అట్టముక్క మీద ఆ మాట కూడా రాస్తూ. "అమ్మకు ఏ ఊర్ల నుంచి ఏ టైముకు ఫోన్ చేస్తవో అదీ రాసియ్యి. ఇగ మొల సంగతి చూద్దాం, చక్రం మళ్ళ విప్పు."