పద్నాలుగు రోజుల తోట

మన చట్టాల్లో నాకు తమాషాగా అనిపించే విషయం ఒకటుంది. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుని విడిపోదామనుకున్నా కోర్టు వెంటనే సరే అనదు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునే 13బి సెక్షన్ని 1976లో చేర్చారు. దాని ప్రకారం ముందు కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి, అర్జీ పెట్టాక ఇంకో ఆరునెలలు ఆగాలి. ఈ ఆరునెలలూ తప్పనిసరేం కాదు, పరిస్థితిని బట్టి కోర్టు మాఫీ చెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పిందనుకోండి. లాయర్లు దీన్ని కూలింగ్ పీరియడ్ అంటారు. వేడి చల్లారితే మనసు మారుతుందేమోనని ఇచ్చే గడువన్నమాట. బాగానే ఉంది. మరి డిక్రీ చేతికొచ్చాక? ఆ తర్వాతి ఆరునెలలు ఎలా గడపాలో ఏ సెక్షనూ చెప్పదు. నన్నడిగితే అసలు కూలింగ్ పీరియడ్ కావాల్సింది అప్పుడే.

నాకు విడాకులై నాలుగేళ్ళయింది. ఎందుకు, ఎవరివల్ల అనేది ఇక్కడ రాయను. ఇద్దరి కథని ఒక్కడు చెప్తే సగమే వస్తుంది. ఆ సగం కూడా చెప్పేవాడికి అనుకూలంగానే వస్తుంది. ఇది ఇంటి గురించి, మొక్కల గురించి.

కోర్టు మెట్లు దిగిన దగ్గర్నుంచే సలహాలు మొదలవుతాయి. ఒకడు ట్రెక్కింగ్ కి రమ్మంటాడు, ఇంకొకడు జిమ్ములో చేరమంటాడు. చుట్టాలు మరీ స్పీడు. "ముప్ఫైఆరేగా, మ్యాట్రిమొనీలో పెట్టేద్దాం" అని ఫొటో అడిగారు. ఎక్కడుంటున్నావు, ఏం తింటున్నావు అని మాత్రం ఎవరూ అడగలేదు. నా అభిప్రాయంలో ముందు అడగాల్సినవి ఆ రెండే. విడాకుల్లో మనిషి దూరమవడం ఒకటైతే, ఇల్లు పోవడం ఇంకొకటి. మనిషి గురించి ఏడవడానికి పాటలూ సినిమాలూ బోలెడున్నాయి. చీకట్లో కూడా ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలిసిన వంటిల్లు పోయిందని ఏడిస్తే మాత్రం జనం నవ్వుతారు.

ఒప్పందం ప్రకారం పాప వాళ్ళమ్మ దగ్గరే ఉంటుంది. రెండు వారాలకోసారి శనివారం పొద్దున్నుంచి ఆదివారం సాయంత్రం దాకా నా దగ్గర. అప్పటికి దానికి ఆరేళ్ళు.

అద్దె ఇంటి కోసం నిజాంపేట చుట్టుపక్కల తిరిగాను. ఎక్కడ చూసినా "ఓన్లీ ఫర్ ఫ్యామిలీస్" బోర్డు, లేదంటే "బ్యాచిలర్స్ కి రూములు". నేనే కేటగిరీ? పద్నాలుగు రోజుల్లో పన్నెండు రోజులు బ్యాచిలర్ని, రెండు రోజులు ఫ్యామిలీని. ఇంటి ఓనర్ల డ్రాప్‌డౌన్ లో నాకు ఆప్షన్ లేదు :) విడాకులనగానే ఇద్దరు ఓనర్లు "మళ్ళీ చెప్తాం" అని ఫోన్ పెట్టేశారు. చివరికి ఒక ఇంట్లో ఓనర్ ఆంటీ అంతా విని ఒకటే అడిగింది. "పాప వస్తదా బాబు? అయితే మెట్ల కాడ గేటు పెట్టిస్త." అడ్వాన్సు అప్పుడే ఇచ్చేశాను.

హైదరాబాద్ లో పెంట్‌హౌస్ అంటే సినిమాల్లో చూపించేది కాదని తెలిసినవాళ్ళకి తెలుసు. మేడమీద రెండు గదులు, పక్కన నీళ్ళ ట్యాంకు, మిగతాదంతా ఖాళీ స్లాబు. ఏప్రిల్లో పొయ్యి మీద పెనంలా ఉంటుంది. నాకొచ్చింది అదే. ఒక పరుపు, ఒక టేబులు, ఒక కుక్కరు, రెండు కంచాలు. ఆరునెలలు అలాగే గడిచింది. పగలు ఆఫీసు, రాత్రి మళ్ళీ లాప్‌టాప్. ఇంట్లో ఉండకుండా ఉండటానికే పని చేస్తున్నట్టుండేది.

పాప మొదట్లో వచ్చినప్పుడు బ్యాగు విప్పేది కాదు. కావలసినవి ఒక్కొక్కటే తీసుకుని, వాడేశాక మళ్ళీ అందులోనే పెట్టేసేది, టూత్ బ్రష్ తో సహా. చుట్టాలింటికెళ్తే మనం చేసేది అదేగా. ఒకసారి రాత్రి చలేసి "నాన్నా, మీ ఇంట్లో ఇంకో దుప్పటి ఉందా?" అనడిగింది. మీ ఇంట్లో. తెలుగులో మా, మీ, మన అని మూడు పెట్టి మనవాళ్ళు ఎంత పని చేశారో ఆ రాత్రి నాకు బాగా తెలిసింది. దుప్పటి కప్పి పక్కనే కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచలేదు.

ఆ జూన్లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. కంటతడి, దీర్ఘోపన్యాసం రెండూ ఉంటాయనుకుని సిద్ధపడ్డాను. రెండూ లేవు. చేతిసంచీలోంచి ఒక పాత హార్లిక్స్ సీసా తీసి గట్టుమీద పెట్టింది. పురుగు పట్టకుండా బూడిద కలిపిన నాటు చిక్కుడు గింజలు. స్లాబంతా ఒకసారి తిరిగొచ్చి "ఇంత ఎండ పడే చోటు ఊరికే పెట్టుకున్నావేంట్రా, పాదు పెట్టు" అంది. అంతే. ఉన్న నాలుగు రోజులూ వంట చేసి పెట్టి, పోపులడబ్బా నింపి వెళ్ళిపోయింది.

మిద్దెతోట అనే మాట ఇప్పుడు అందరికీ తెలుసు. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి లాంటివాళ్ళు దాన్ని చాలామంది ఇళ్ళకి చేర్చారు. నా ఏర్పాటు అంత పెద్దదేం కాదు. కింద బెజ్జాలు పెట్టిన ఇరవై లీటర్ల పాత పెయింట్ డబ్బాలు పది. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమానంగా కలిపి, డబ్బాకో గుప్పెడు వేపపిండి. ఉత్త మట్టైతే స్లాబుకి బరువు, అందుకే కొబ్బరిపొట్టు. ఒక్కో డబ్బా రెండిటుకల మీద పెట్టాలి, లేకపోతే కింద నీరు నిలిచి స్లాబు చెమ్మెక్కుతుంది. ఓనరు అంకుల్ కి ఆ భయం ఎక్కువ. ఇప్పటికీ వానాకాలంలో టార్చిలైటుతో కింద సీలింగు పరీక్ష చేస్తాడు, పాసవుతున్నాం :)

ఇక అసలు విషయం. మా ఆఫీసులో స్ప్రింట్ అంటే రెండు వారాలు. పాప వచ్చేది కూడా రెండు వారాలకే. మొదట్లో ఏదో ఒకటి చల్లేవాణ్ణి గానీ తర్వాత లెక్క పట్టుబడింది. మెంతులు మూడో నాలుగో రోజుకి మొలిచి, అది మళ్ళీ వచ్చేసరికి నాలుగు వేళ్ళ ఎత్తుంటాయి. ధనియాలు చెప్పుకింద నలిపి రెండు బద్దలు చేసి చల్లితే ఎనిమిది నుంచి పన్నెండు రోజులకి మొలుస్తాయి, అంటే సరిగ్గా అది వచ్చేసరికి అప్పుడే లేస్తుంటాయి. తోటకూరకి రెండు స్ప్రింట్లు చాలు, నాలుగు వారాలకి పప్పులోకి వచ్చేస్తుంది. బీరపాదు ఆరేడు వారాలకి పూత. నాటు చిక్కుడుది మాత్రం ఎవరి మాటా వినని రకం. జూన్లో పెట్టినా, తీగ ట్యాంకెక్కి కూర్చున్నా, పగటిపొద్దు తగ్గితే గానీ పూత పట్టదు. ఎంత ఎరువేసినా అంతే.

శనివారం గేటు తీస్తూనే పాప గదిలోకి కాకుండా డబ్బాల దగ్గరికి పరిగెత్తడం మొదలెట్టింది. పోయినసారి తను వదిలిన చోట ఏదో ఒకటి మారి ఉండేది. పిల్లలకి అది పెద్ద విషయం. తను లేనప్పుడు కూడా తన పని ఇక్కడ సాగుతోంది. నేను ఎన్ని బొమ్మలు కొన్నా అవి మళ్ళీ వచ్చేసరికి పెట్టిన చోటే ఉండేవి, దుమ్ముతో.

బీరపువ్వు సంగతి చెప్పాలి. అది పొద్దున కాదు, సాయంత్రం విచ్చుకుంటుంది. మూడంతస్తుల పైకి పురుగులు పెద్దగా రావు, కాబట్టి మగపువ్వు కోసి ఆడపువ్వుకి మనమే అద్దాలి. ఆడపువ్వు వెనకాల చిన్న బీరపిందె ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. శనివారం సాయంత్రం ఆ పని పాపది. మొదటిసారి పిందె నిలిచింది. ఇక్కడే ఒక చిక్కొచ్చింది. బీరకాయ వారం పది రోజుల్లో కోసెయ్యాలి, లేకపోతే పీచు పడుతుంది. పాప వచ్చేది పద్నాలుగో రోజు.

వాళ్ళమ్మకీ నాకూ మధ్య అప్పటికి మెసేజులంటే స్కూలు ఫీజు, జ్వరం, ఎన్నింటికి దింపుతావు. ఇవే. ఒక్క మాట ఎక్కువ రాస్తే పాత గొడవలు ఎక్కడ లేస్తాయోనని ఇద్దరికీ భయం. తొమ్మిదో రోజు చాలాసేపు ఆలోచించి "పాప కాయించిన బీరకాయ ముదిరిపోతుంది. వాచ్‌మెన్ కి ఇచ్చి వెళ్ళనా?" అని పెట్టాను. "సరే" అని వచ్చింది. రెండు కాయలు, పాలిథిన్ కవర్లో. మర్నాడు రాత్రి ఇంకో మెసేజు. "పప్పులో వేశాం. తొక్కు పచ్చడి చేశాను. దానికి బాగా నచ్చింది."

దీన్ని సినిమాగా మార్చుకోకండి. మేం మళ్ళీ కలవలేదు, కలవం కూడా. కానీ అలవాటైన చోట నొప్పి రాకుండా ఒక వాక్యం అటూ ఇటూ వెళ్ళింది. ఆ తర్వాత ఫీజుల మెసేజులు కూడా కాస్త మెత్తబడ్డాయి.

ఇదంతా నా భ్రమేనా, శాస్త్రం ఏమంటుందో చూద్దామని వెతికాను. వృత్తి జబ్బు. రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో సైన్స్ పత్రికలో ఒక పేపరు వేశాడు. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషనైన 46 మంది రికార్డులు పోలిస్తే, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు, ఇటుకగోడ కనిపించినవాళ్ళకంటే కాస్త ముందే ఇంటికెళ్ళారట, ఘాటైన నొప్పిమందులు కూడా తక్కువ వాడారట. 2011లో నెదర్లాండ్స్ లో వాన్ డెన్ బెర్గ్, కస్టర్స్ అనే ఇద్దరు, తోట పెంచుకునే 30 మందికి ఒత్తిడి కలిగించే పని ఇచ్చి, తర్వాత అరగంటపాటు కొందర్ని తోటపనికి, మిగతావాళ్ళని చదువుకోడానికి పంపారు. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ అందరికీ తగ్గింది, తోటపని చేసినవాళ్ళకి ఎక్కువ తగ్గింది. సరే, పిత్తాశయం వేరు, కాపురం వేరు. 46 మందీ 30 మందీ పెద్ద లెక్కలు కూడా కావు. మొక్కలు పెంచితే మనసు బాగైపోతుందని రాసిచ్చేవాళ్ళని నేను నమ్మను. డిప్రెషనైతే డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి.

నాకు తోచింది వేరు. విడాకుల్లో ప్రతిదానికీ ఒక తప్పూ, ఒక బాధ్యుడూ ఉండాలి. పిటిషన్లూ కౌన్సెలింగులూ, చుట్టాల పంచాయితీలూ, అన్నీ దాని చుట్టూనే. అలా ఏడాది రెండేళ్ళు గడిపాక మనిషికి తెలిసిన భాష అదొక్కటే అవుతుంది. మూడో వేసవిలో షేడ్ నెట్ కట్టినా బీరపాదు ఆగలేదు, ఎండకి నిలువునా ఎండిపోయింది. పాప వచ్చి చూసింది. ఆకు నలిపింది, పొడైంది. కాసేపు చూసి "విత్తనాలున్నాయిగా?" అంది. ఉన్నాయన్నాను. "అయితే వానలొచ్చాక వేద్దాం" అని లోపలికి పోయింది. ఒకటి అయిపోయింది, ఎవరివల్ల అని ఎవరూ అడగలేదు. మా ఇద్దరి జీవితాల్లో అలా జరగడం అదే మొదలు.

ఆ మాటల్లోనే ఎప్పుడో ఒకసారి, ఫోన్లో, బుధవారమో గురువారమో, "నాన్నా, మన చిక్కుడు పూసిందా?" అంది. మన అన్నది ముందు చిక్కుడుని. తర్వాత ట్యాంకుని. ఇల్లు వరసలో చివరికొచ్చింది గానీ వచ్చింది. ఇప్పుడు అల్మరాలో ఒక అర దానిది. బ్యాగు ఖాళీగా మూల పడుంటుంది.

కొత్తగా డిక్రీ చేతికొచ్చినవాళ్ళెవరైనా నన్నడిగితే చెప్పేది ఇంతే. ఇల్లు చూసేటప్పుడు ఆఫీసుకి ఎంత దూరమో కాదు, ఎండ ఎక్కడ పడుతుందో చూసుకోండి. ఒక్కరికైనా సరే రోజూ పొయ్యి వెలిగించండి. పిల్లలుంటే వాళ్ళకంటూ ఒక అర కేటాయించి, అందులో మీ సామాను పెట్టకండి. పెద్ద నిర్ణయాలు ఏవైనా ఒక చిక్కుడు కాపు అయ్యేదాకా వాయిదా వెయ్యండి. ముందు ఒక డబ్బాలో తోటకూర చల్లండి. ఇరవై రూపాయల పని.

అన్నీ నయమయ్యాయని చెప్పను. ఆదివారం సాయంత్రం పాపని దింపి వచ్చి గేటు వేస్తే, మేడ ఇప్పటికీ ఖాళీగానే ఉంటుంది. అయితే ఆ టైముకి నీళ్ళు పొయ్యాలి, పిండినల్లి పట్టిన కొమ్మలకి వేపనూనె కొట్టాలి. పది డబ్బాలకీ అరగంట పడుతుంది. ఈపాటికి చీకటి పడి బీరపూలు విచ్చుకుని ఉంటాయి. లోపలికొచ్చి ఒక గ్లాసు బియ్యం కడిగి కుక్కర్లో పెడతాను.