అతిథి పుష్పములు

ధనుర్మాసపు తెల్లవారుజాము. నాగావళీ తీరమునందలి ఒక పల్లెలో పొగమంచు ఇంకను విడలేదు. వాకిట కళ్లాపి చల్లి, ముగ్గు తీర్చి, ఒక బాలిక గొబ్బెమ్మలను పెట్టుచున్నది. ఒకదాని తలపై గుమ్మడిపూవు, వేరొకదాని తలపై బంతిపూవు. "మామ్మా, ఈ పూలు మన ఊరికి ఎప్పుడు వచ్చినవి?" అని ఆమె అడిగెను. "వచ్చుట ఏమి తల్లీ! మా తాతలనాటినుండి ఇచటనే ఉన్నవి" అని ముసలమ్మ నవ్వెను.

ముసలమ్మ మాట అసత్యము కాదు. కాని అది కథలో సగము మాత్రమే. బంతి పుట్టినిల్లు మెక్సికో దేశము. తీపిగుమ్మడి పుట్టినిల్లును అమెరికా ఖండమే. 1492లో కొలంబసు అట్లాంటిక్ మహాసముద్రమును దాటిన పిమ్మట అచటి మొక్కలు ఓడలెక్కి ప్రపంచమంతటను వ్యాపించెను. వానిలో అనేకమును పోర్చుగీసు వర్తకులు భారతదేశపు రేవులకు చేర్చిరి. పెద్దపూవుల బంతిని ఆంగ్లేయులు 'ఆఫ్రికా బంతి' అని పిలుతురు. పుట్టుకచే ఆ పూవునకు ఆఫ్రికాతో ఏ సంబంధమును లేదు. నేడు బంతి లేని సంక్రాంతి తోరణమును తెలుగునాట ఊహించుటయే కష్టము.

ఆ పెరటిలో మరికొందరు అతిథులును కలరు. సాయంకాలము విచ్చు చంద్రకాంతయు, గుడిముంగిట పరిమళించు దేవగన్నేరును అమెరికా ఉష్ణప్రాంతములనుండి వచ్చినవే. బిళ్లగన్నేరు మడగాస్కర్ దీవికి చెందినది. దాని ఆకులనుండి తీసిన విన్‌క్రిస్టీన్ అను ఔషధమును రక్తపు కాన్సరు సోకిన పిల్లలకు వైద్యులు ఇచ్చుచున్నారు. గోడపైకి ప్రాకిన కాగితపుపూల తీగ బ్రెజిల్ దేశపుది. అందరు పూరేకులని భ్రమపడు ఆ ఎఱ్ఱని భాగములు నిజమునకు రంగు పట్టిన ఆకులే. అసలు పూవు వానినడుమ తెల్లగా, చిన్నదిగా, ఒదిగి ఉండును.

పల్లమునందేగాక కొండలమీదను ఇట్టి చుట్టములు కలరు. విజయనగరమునుండి శృంగవరపుకోట మీదుగా, తూర్పుకనుమల మలుపుదారిని ఎక్కి అరకులోయకు పోవువారికి, వానలు వెనుదీసి చలి ప్రవేశించు దినములలో ఒక అపురూపదృశ్యము కనబడును. కొండవాలులన్నియు పసుపు ఆరబోసినట్లు వలిసెపూలతో నిండియుండును. ఈ వలిసె పుట్టినిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. అది భారతదేశమునకు ప్రాచీనకాలముననే వచ్చినది. గిరిజన రైతు దానిని విత్తునది నూనెగింజలకై. యాత్రికులు వచ్చునది పూల సొంపునకై. వారు చేనినడుమ నిలిచి ఛాయాచిత్రములు తీసికొని మురిసిపోవుదురు. కాని వారి పాదముల క్రింద నలిగిన మొక్కకు గింజ పట్టదు. పూవును చూడవచ్చినవాడు దాని వెనుకనున్న రైతు కష్టమును కూడ చూడవలెను.

అచటనే కాఫీతోటలలో, కాఫీమొక్కలకు నీడనిచ్చుచు, మిరియపుతీగలను తన బోదెపై ప్రాకించుకొనుచు నిలిచిన పొడవైన వృక్షమొకటి కలదు. దానిపేరు సిల్వర్ ఓక్. ఆకును త్రిప్పి చూచినచో అడుగుభాగము వెండివలె మెఱయును. బంగారువన్నె పూలు దువ్వెనపండ్లవలె వరుసదీరి పూయును. ఇది ఆస్ట్రేలియా తూర్పుభాగమునుండి వచ్చిన చెట్టు. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని చేర్చిన కుటుంబము పేరు ప్రోటియా కుటుంబము. ఆ కుటుంబమునకు పేరునిచ్చిన పూవు మాత్రము ఈ కొండలలో లేదు. దానిని చూడవలెనన్నచో దక్షిణాఫ్రికా పోవలెను.

గ్రీకుల పురాణకథలలో ప్రోటియస్ అను సముద్రదేవత కోరిన రూపమునెల్ల ధరింపగలడు. ఈ మొక్కలలోని రూపవైవిధ్యమును చూచి, స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లినేయస్ 1735లో వీనికి ఆ దేవత పేరు పెట్టెను. వీనిలో రాజప్రోటియా అనునది దక్షిణాఫ్రికా జాతీయపుష్పము. దాని పూగుత్తి ఒక్కొకప్పుడు 30 సెంటీమీటర్ల వెడల్పు ఉండును. కాగితపుపూవునందువలెనే ఇందును కిరీటమువలె చుట్టునున్నవి రంగు పట్టిన ఆకులు. నడుమ గుమిగూడిన చిన్నచిన్నవే అసలు పూలు. కార్చిచ్చు కొమ్మలను కాల్చివేసినను, నేలలో దాగిన లావుపాటి కాండమునుండి రాజప్రోటియా మరల చిగిర్చును. కోసిన పూవు చాలదినములు వాడదు; ఎండినను రూపు చెడదు. అందుచే పుష్పప్రదర్శనలలో దానికి గొప్ప గౌరవము. ఆస్ట్రేలియాలోను, హవాయి దీవులలోను దానిని తోటలుగా పెంచి విక్రయించుచున్నారు.

ఇంత అందమైన పూవును శ్రీకాకుళపు పొలములో పెంచరాదా అని ఎవరికైనను తోచవచ్చును. ఇచటనే రైతు జాగ్రత్తపడవలెను. ప్రోటియా పుట్టిన కేప్ ప్రాంతమున వాన కురియునది చలికాలమున. వేసవి పొడిగా ఉండును. నేల ఇసుకతో కూడి, పులుపుగుణము కలిగి, మిక్కిలి నిస్సారముగా ఉండును. ఆ పేదనేలలో బ్రదుకుటకై ప్రోటియా వెండ్రుకలవంటి సన్నని వేళ్లను గుత్తులుగా పెంచుకొని, మట్టిలోని రవంత భాస్వరమును కూడ పీల్చుకొనును. అట్టి మొక్కకు రైతు ప్రేమతో వేసిన పిడికెడు సూపర్ ఫాస్ఫేటు విషమగును. వరికి బలమైనది దానికి మృత్యువు! నీరు నిలిచినచో వేళ్లు కుళ్లిపోవును.

శ్రీకాకుళమున వానలు ముమ్మరముగా కురియునది వేసవి చివరనుండి శరత్తు వరకు. ఎండాకాలమున ఉక్కపోత, శరత్తులో తుఫానుల భయము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు, ఉద్దానమున దశాబ్దములుగా వేళ్లూనిన కొబ్బరిచెట్లే లెక్కకు మిక్కిలిగా నేలకూలినవి. సున్నితమైన పరదేశపు మొక్కలకై అప్పు తెచ్చి పందిళ్లు వేసిన రైతు అట్టి గాలికి ఏమి అడ్డుపెట్టగలడు? చిత్రపటములోని పూవును చూచి పొలమును తాకట్టుపెట్టుట వివేకము కాదు.

అట్లని క్రొత్తపూవులకు తలుపు మూయనక్కరలేదు. దక్షిణాఫ్రికాలో పుట్టిన గ్లాడియోలస్ చల్లని కొండప్రాంతములకు అలవడగలదు. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమున శాస్త్రజ్ఞులు దానిని పెంచి పరీక్షించిరి. కత్తివంటి ఆకులనడుమ లేచిన దాని కంకి క్రిందినుండి పైకి క్రమముగా విచ్చును. అన్ని మొగ్గలు విచ్చిన పిమ్మట కోసినచో అది అంగడి చేరునప్పటికే వాడును. అందుచే క్రిందిమొగ్గలు రంగు చూపగానే కోసి నీట నిలుపుదురు. గోదావరి ఒడ్డున కడియము నర్సరీలవారు కూడ ఇట్లే దూరదేశపు మొక్కలను తెచ్చి, నీడలో ఉంచి, ఇచటి గాలికి అలవాటు చేసిన పిమ్మటనే విక్రయింతురు. పండుగదినములలో వేలకొలది మొక్కలను రంగురంగులుగా పేర్చి ఆకృతులు తీర్చుదురు. చూచువారికి అది ఒక దినపు వేడుక. పెంచినవారికి ఏడాదిపొడుగునా చేసిన సేవ.

పరీక్షింపక పిలిచిన అతిథివలన కలుగు కీడును చూడగోరువారు ఊరిచెరువువద్దకు పోయిన చాలును. చెరువుల నీటిని కప్పివేయు గుఱ్ఱపుడెక్క దక్షిణ అమెరికాలో పుట్టినది. దాని ఊదారంగు పూవు సొగసును చూచియే మనుష్యులు దానిని దేశదేశములకు తీసికొనిపోయిరి. నేడది చేపలకు గాలిని, పడవలకు దారిని లేకుండ చేయుచున్నది. ఉద్యానములలో అలంకారమునకై తెచ్చిన లాంటానా అడవులలోనికి పాఱి, పశువుల గడ్డిని మ్రింగివేసినది. దాని ఆకు తిన్న పశువునకు జబ్బు కలుగును. అందము చూచి పిలిచినవారు గుణము విచారింపలేదు.

కావున దూరదేశపు మొక్కను నాటగోరువాడు ముందుగా దాని పుట్టినింటిని గూర్చి తెలిసికొనవలెను. అచటి వాన ఏ ఋతువులో కురియును? నేల ఎట్టిది? విత్తనము గాలికి ఎగిరి పొరుగుచేలలో మొలచునా? ఈ ప్రశ్నలకు సమాధానములు తెలిసిన పిమ్మట ఒక కుండీలో ఒక మొక్కను ఒక సంవత్సరము పెంచి చూడవలెను. కుండీలోని తప్పునకు పోవునది ఒక మొక్క. పొలములోని తప్పునకు పోవునది సంసారము.

సంక్రాంతి గడచినది. ఆ పల్లెలోని ముసలమ్మ తోరణమునుండి ఎండిన బంతిపూలను తీసి, విత్తనములు విడదీసి, పాతగుడ్డలో మూటగట్టి దూలమునకు వ్రేలాడదీసెను. "మరల తొలకరికి చల్లుదువుగాని" అని మనుమరాలితో చెప్పెను. మెక్సికో పేరు ఆమె ఎన్నడును వినలేదు. కాని ఎన్నియో తరములుగా ఇట్టి చేతులు విత్తనము దాచి, చల్లి, నీరు పోసినందుచేతనే ఆ పరదేశపు పూవు తెలుగింటి ఆడపడుచు అయినది.