శ్రీనగరు నుండి లేహ్‌కు: ఆకాశంలో గంట, పడకపై రెండు రోజులు

సెలవు ప్రయాణ రాయితీ క్లెయిము ఫారములో 'ప్రయాణ దూరం' అనే గడి ఒకటి ఉంటుందని పాఠకులకు తెలియనిది కాదు. 2018 జూన్ మాసంలో కాశ్మీరు, లద్దాఖ్ ప్రాంతాలను కుటుంబసమేతంగా దర్శించి వచ్చిన పిమ్మట, ఆ గడి వద్ద మా కలం కాసేపు ఆగిపోయింది.

శ్రీనగరు, లేహ్ విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 255 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాదు, విజయవాడల నడుమ ఉన్నంతే. ప్రయాణకాలం గంటలోపే. రోడ్డుమార్గమైతే 420 కిలోమీటర్ల పైమాటే. కార్గిల్‌లో ఒక రాత్రి బస చేసి రెండు రోజులు ప్రయాణించాలి. మాతో వచ్చిన సహోద్యోగి కుటుంబం రోడ్డునే కోరుకున్నది. అమ్మకు డెబ్బయ్యవ ఏడు. కొండదారి కుదుపులు ఆమెకెందుకని మేము విమానం ఎక్కాము. ఉభయులమూ ఒకే ఉదయం శ్రీనగరు విడిచాము.

పచ్చని లోయ క్షణాలలో వెనుకబడింది. ఏడువేల మీటర్లకు మించిన నున్, కున్ శిఖరాలు మంచు కప్పుకొని కిటికీ ముందుకు వచ్చాయి. వాటిని చూచి అమ్మ రెండు చేతులూ జోడించింది. పిల్లలకు పంచిన బిస్కట్లు పూర్తయ్యేలోగానే విమానం సింధులోయలోకి దిగసాగింది. స్పితుక్ బౌద్ధారామం ఉన్న గుట్ట పక్కనుండి పోయి నేలను తాకింది. 1948లో మెహర్ సింగ్, సేనాపతి తిమ్మయ్యను వెంటబెట్టుకొని, తొలిసారి డకోటా విమానాన్ని దించినది ఈ లేహ్‌లోనే. 3,256 మీటర్ల ఎత్తున గాలి పలుచన. ఎండ ముదిరిన కొద్దీ మరింత పలుచనై రెక్కలకు ఊతం తగ్గుతుంది, కొండగాలులూ రేగుతాయి. కనుకనే ఇక్కడ పౌరవిమానాల రాకపోకలకు ఉదయపు వేళను ఎంచుకొన్నారు.

విమానానికి వర్తించిన నియమం మనిషికీ వర్తిస్తుందని మాకు తోచలేదు. బసకు చేరి నాలుగు మెట్లు ఎక్కగానే అమ్మ, "ఏమిరా, నడవకుండానే ఈ ఆయాసమేమిటి?" అన్నది. సాయంకాలానికి తలనొప్పి, వాంతులు. మా గుండె జారిపోయింది. ఆసుపత్రిలో ఆమెకు ప్రాణవాయువు పెట్టారు. సముద్రమట్టం వద్ద ఊపిరికి అందే ప్రాణవాయువులో సుమారు మూడింట రెండు వంతులే ఇక్కడ లభిస్తుందనీ, శ్రీనగరు ఎత్తు నుండి ఒక్క గంటలో ఇంతపైకి వచ్చినవారు కనీసం రెండు రోజులు కదలకుండా పడుకోవాలనీ వైద్యుడు మందలించాడు. మందలింపు న్యాయమే. టిక్కెట్టు ధర గురించి పదిమందిని విచారించిన మేము ఈ ఒక్క మాట ఎవరినీ అడగలేదు.

మరునాటి సాయంత్రం మిత్రుని కుటుంబం దుమ్ము కొట్టుకొని దిగింది. జోజి లా మలుపులు, 4,108 మీటర్ల ఫోటు లా కనుమ, అన్నీ దాటి వచ్చారు. సుమారు 2,700 మీటర్ల ఎత్తునున్న కార్గిల్‌లో గడిపిన రాత్రి వారి శరీరాలను కొంత సిద్ధం చేసినట్లుంది. స్వల్పంగా తలనొప్పి తప్ప మరే బాధా లేదు. వారు అమ్మను పలకరించడానికి వచ్చేసరికి మేమింకా దుప్పట్లలోనే ఉన్నాము.

నాలుగవ రోజున అమ్మ కోలుకొన్నది. 1991లో పూర్తయిన శాంతి స్తూపానికి మిత్రులు మెట్లెక్కి వెళ్ళగా, మేము ఆమెను జీపులో తీసుకొని వెళ్ళాము. అక్కడ ఆమె చాలాసేపు కూర్చున్నది.

క్లెయిము ఫారములో చివరకు 255 అనే వ్రాశాము. ప్రయాణకాలానికి అందులో గడి లేదు.