వందకి ఎంత తాగుతుంది?

డెట్రాయిట్ విమానాశ్రయం నుంచి కాంటన్‌లోని మా ఇంటికి ఎంతో దూరం లేదు. నాన్న ముందు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, దారి పొడుగునా ఎర్రబడుతున్న అక్టోబరు చెట్లని కాసేపు చూశారు. తర్వాత అడిగారు: “అమ్మాయ్, ఈ బండి లీటరుకి ఎంతిస్తుంది?”

చటుక్కున చెప్పలేకపోయాను. ఇక్కడ గ్యాలనుకి ఎన్ని మైళ్లు అనే అలవాటు. మా ఏడు సీట్ల వ్యాను ఊళ్లో తిరుగుళ్లూ హైవే కలిపి 18 ఇచ్చేది. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు, మైలంటే 1.609 కిలోమీటర్లు. లెక్కగడితే లీటరుకి ఏడున్నర పైచిలుకు వచ్చింది. నాన్న మొహంలో రంగు మారింది. “ఏనుగుని మేపుతున్నారే” అన్నారు.

ఆ మాట అనే అర్హత ఆయనకుంది. నా చిన్నప్పుడు తెనాలి నుంచి గుంటూరు ఆఫీసుకి బజాజ్ చేతక్ మీద వెళ్లొచ్చేవారు. బంకులో పెట్రోలు పోయించి, అందులో ఆయిల్ కలిపించి, ఇంటికి రాగానే చొక్కా అయినా విప్పకుండా చిన్న పుస్తకంలో రాసేవారు: తేదీ, మీటరు మీద అంకె, ఎన్ని లీటర్లు, ఎన్ని రూపాయలు. రిజర్వుకి తిప్పాల్సి వచ్చిన రోజు పక్కన ఎర్రసిరాతో గుర్తు పెట్టేవారు. జీతం లెక్కగా వచ్చే ఇంట్లో స్కూటరు తాగేది కూడా బియ్యం, పాలతో పాటు నెల ఖర్చే. ఆ పుస్తకంలో లీటరుకి ఎంత వచ్చిందన్న అంకె ఎక్కడా లేదని చాలా ఏళ్ల తర్వాత గమనించాను. నెల చివర కూడింది ఎన్ని లీటర్లు పోయాయన్నదే.

ఆ రోజుల్లోనే మేం కారు కొనే ఆలోచనలో ఉన్నాం. మా వారి చిన్న కారు పాతబడింది. అది గ్యాలనుకి 30 ఇచ్చేది. దాన్ని తీసేసి 50 ఇచ్చే హైబ్రిడ్ కొందామని నిర్ణయించుకుని, శనివారం నాన్నని కూడా వెంటబెట్టుకుని షోరూముకి వెళ్లాం. ఒకే కారు, మూడు ఇంజిన్లు. టర్బో లేని రెండున్నర లీటర్లది ఒకటి, టర్బో ఉన్న ఒకటిన్నర లీటర్లది ఇంకొకటి, మూడోది హైబ్రిడ్. అక్కడి సేల్స్ మనిషి టర్బో దగ్గరే ఆగిపోయాడు. చిన్న ఇంజిన్, పెద్ద పికప్, మైలేజీకి మైలేజీ అన్నాడు.

ఆ మాటలో నిజం సగమే. చిన్న ఇంజిన్ మెల్లగా నడిచినంత సేపూ పొదుపుగానే ఉంటుంది. కానీ నలుగురు ఎక్కి, సామాను వేసి, హైవే మీద గబుక్కున వేగం అందుకోవాలంటే టర్బో గాలిని బలంగా లోపలికి నెడుతుంది. ఆ గాలికి తగ్గ పెట్రోలు కూడా పడాలి కదా. కాలు బరువైన వాళ్ల చేతిలో చిన్న టర్బో పెద్ద ఇంజినంత తాగడం ఇక్కడి మిత్రుల ఇళ్లలో చూశాను. టర్బో లేని పెద్ద ఇంజిన్ మొదటి నుంచీ ఎంత తాగాలో అంతే తాగుతుంది. కారు అద్దం మీది స్టిక్కరు చెప్పే మైలేజీ అంకెకీ చేతికొచ్చే అంకెకీ తేడా తక్కువ.

హైబ్రిడ్ సంగతి వేరు. మామూలు కారులో బ్రేకు నొక్కిన ప్రతిసారీ అప్పటిదాకా కాల్చిన పెట్రోలు వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో అదే వేగాన్ని ఇంజిన్‌కి తోడుగా ఉండే ఎలక్ట్రిక్ మోటారు పట్టుకుని బ్యాటరీలో దాస్తుంది. ఇంజిన్ కూడా మామూలుది కాదు. జేమ్స్ అట్కిన్సన్ అనే ఇంగ్లీషాయన 1880లలో ఆలోచించిన పద్ధతికి ఇప్పటి రూపం. కుదింపు తక్కువ, మంట తర్వాతి విస్తరణ ఎక్కువ. చెరకు గడని గానుగలో ఒకసారి పెట్టి వదిలేయకుండా పిప్పి అయ్యేదాకా పిండినట్టు, కాలిన ప్రతి చుక్క నుంచీ పని రాబట్టడమే దాని పని. అలా పిండే ఇంజిన్‌కి మొదట్లో లాగే బలం తక్కువ. ఆ లోటు మోటారు పూడుస్తుంది. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే ఊరి ట్రాఫిక్‌లో హైబ్రిడ్ మెరిసేది అందుకే.

నాన్నకి అక్కడి అద్దాల మీది స్టిక్కర్లు బాగా నచ్చాయి. కొత్త కారు ధరా వివరాలూ అద్దం మీద అతికించి తీరాలన్నది 1958 నాటి అమెరికా చట్టం. మైలేజీ అంకె తప్పనిసరి అయింది 1975 చట్టంతో, అరబ్బు దేశాలు చమురు ఆపేసిన దెబ్బ తర్వాత. 2008 మోడళ్ల నుంచి పరీక్షకి వేగమైన నడకా, ఏసీ వేసుకోవడం, చలిలో స్టార్ట్ చేయడం కూడా కలిపారు. దాంతో అంకెలు తగ్గి నిజానికి దగ్గరయ్యాయి. నాన్న కళ్లజోడు సర్దుకుని పెద్ద అంకె కింద సన్నగా ఉన్న ఇంకో అంకె మీద వేలు పెట్టారు. “ఇదేమిటి?” వంద మైళ్లకి ఎన్ని గ్యాలన్లు తాగుతుందో చెప్పే అంకె అది. నేను పదిహేనేళ్లుగా ఈ దేశంలో కారు నడుపుతున్నాను, దాన్ని ఎప్పుడూ చదవలేదు. “అసలు లెక్క ఇదమ్మా, పైది కాదు” అన్నారు.

ఆ రాత్రి అన్నాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద కాగితం పరిచారు. మా రెండు బళ్లూ ఏడాదికి చెరో పదివేల మైళ్లు తిరుగుతాయి. చిన్న కారు 30 నుంచి 50కి మారితే 333 గ్యాలన్ల బదులు 200. మిగిలేది 133. వ్యాను 18 నుంచి 36కి మారితే, అంటే హైబ్రిడ్ వ్యాను కొంటే, 556 బదులు 278. మిగిలేది 278. స్టిక్కరు మీద చూస్తే చిన్న కారుకి పెరిగేది 20 మైళ్లు, వ్యానుకి 18. మిగిలే పెట్రోలు మాత్రం వ్యాను దగ్గర రెట్టింపు. మేం మార్చాల్సిన బండిని వదిలేసి, ఉంచుకోవాల్సిన బండిని మార్చబోయాం.

ఈ పొరపాటు మా ఒక్కళ్లదే కాదు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లారిక్, జాక్ సోల్ ఇదే సంగతిని 2008లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. మైళ్ల అంకె ఎంత పెరిగితే అంత ఆదా అని మనసు అనుకుంటుందనీ, తక్కువ ఇచ్చే బండి కొంచెం మెరుగుపడినా ఆదా ఎక్కువనీ చూపించారు. లక్షల మంది స్టిక్కరు చదివే దేశంలో పెద్ద అంకె ఒక మాట చెప్తుంటే అసలు మాట సన్నటి అక్షరాల్లో ఉండడం సరికాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆ రెండు అంకెలూ తారుమారు కావాలి.

వ్యానే మార్చాం. ధర ఎక్కువే. అయినా పిల్లల్ని బడికి దించడం, సంగీతం క్లాసు, కూరలు, వారాంతం నోవైలో వెంకటేశ్వరస్వామి గుడి, అన్నీ ఆగి ఆగి వెళ్లే ప్రయాణాలే. హైబ్రిడ్ పుట్టింది వాటి కోసమే. పొద్దున్నే హైవే ఎక్కి సాయంత్రం దాకా దిగని మనిషైతే నేను ఆ అదనపు డబ్బు పెట్టమనను. ఒకే వేగంతో పోయే దారిలో బ్రేకు దొరకదు, బ్యాటరీకి దాచుకోవడానికి మిగలదు.

జనవరిలో ఒక దిగులు పట్టుకుంది. మైలేజీ ఒక్కసారిగా పడిపోయింది. తర్వాత తెలిసింది, సున్నాకి ఏడు డిగ్రీలు దిగువన మామూలు పెట్రోలు కారు ఊళ్లో దాదాపు 15 శాతం కోల్పోతే హైబ్రిడ్ 30 శాతం పైగా కోల్పోతుందని ఇక్కడి ప్రభుత్వ సంస్థలే చెప్తాయి. లోపల హీటరుకి వేడి ఇంజిన్ నుంచే రావాలి కాబట్టి ఇంజిన్‌కి విశ్రాంతి ఉండదు. బ్యాటరీ కూడా చలికి మందగిస్తుంది. మిషిగన్ లాంటి చోట కొనేవాళ్లకి ఈ సంగతి షోరూములో ఎవరూ ముందుగా చెప్పరు. చెప్పాలి.

నాన్న ఏప్రిల్‌లో తెనాలి వెళ్లిపోయారు. వెళ్లే ముందు వ్యాను డాష్‌బోర్డు అరలో గళ్ల పుస్తకం ఒకటి పెట్టి మొదటి పేజీ గీతలు గీసిచ్చారు. ప్రతిసారీ ట్యాంకు నిండా పోయించినప్పుడు రాస్తున్నాను. మొదటి ఏడాది 10,400 మైళ్లకి 312 గ్యాలన్లు. స్టిక్కరు 36 అంది, మాకొచ్చింది 33. వందకి సరిగ్గా మూడు గ్యాలన్లు. మీరు కొత్త బండి చూడటానికి వెళ్లేముందు ఒక్క నెల ఇలా రాసి చూడండి. ఏ ఊళ్లో ఉన్నా, మైళ్లైనా కిలోమీటర్లైనా, ఇంట్లో ఏ బండి ఎక్కువ తాగుతోందో ముందు తెలుసుకుని, మార్చడం దానితో మొదలుపెట్టండి.