ఎంత దూరం?

తెలుగులో "దూరం" అన్న మాట ఒక్కటే గాని, దాన్ని మనం వాడుకునే తీరులు ఎన్నో! ఊరికీ ఊరికీ మధ్య ఉండేది దూరం. తాతల నాటి బంధుత్వమైతే దూరపు చుట్టరికం. పొసగని మనిషిని "దూరం పెట్టాం" అంటాం. పెద్దలు కాలం చేస్తే "మాకు దూరమయ్యారు" అంటాం. ముందుచూపు ఉన్నవాడిది దూరాలోచన. అది లేనివాడికి దూరపు కొండలన్నీ నునుపే. వెనుకటివారు జానెడు, మూరెడు, బారెడు అని చేతులతోనే కొలుచుకున్నారు. అంతకు మించితే కూతవేటు, ఇంకా మించితే క్రోసు, ఆమడ. పిలిస్తే పలికేంత దూరాన్ని కూడా ఒక కొలతగా పెట్టుకోవడంలో ఎంత ఆప్యాయత ఉందో చూడండి.

మా చెన్నైలో తమిళులకూ ఇదే మాట. ఆటో అతను "రొంబ దూరం సార్" అన్నాడంటే అది కిలోమీటర్ల లెక్క కాదు, రూపాయల లెక్క. అదే అద్దె ఇల్లు చూపించే బ్రోకరు "పక్కందాన్ సార్" అంటే అరగంట నడక అన్నమాట! ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో అంకెలతో కాపురం చేస్తున్న నాకు ఈ లెక్కలు భలే సరదాగా ఉంటాయి.

అసలు దూరాన్ని శాస్త్రీయంగా కొలవడంలో మన ఊరికి పెద్ద పేరే ఉంది. విమానాశ్రయం దగ్గరున్న సెయింట్ థామస్ మౌంట్ (తమిళంలో పరంగిమలై) ఎక్కితే అక్కడ విలియం లాంబ్టన్ విగ్రహం కనబడుతుంది. ఆయన 1802 ఏప్రిల్ 10న ఈ కొండ దగ్గర మొదలుపెట్టి, వంద అడుగుల ఉక్కు గొలుసుతో దాదాపు ఏడున్నర మైళ్ళ గీతను కొలిపించాడు. అంత చిన్న దూరానికి సుమారు రెండు నెలలు పట్టింది. ఎండకు గొలుసు సాగినా లెక్క తప్పుతుందని అంత జాగ్రత్త. అలా మొదలైన సర్వేయే దశాబ్దాల తరబడి సాగి హిమాలయాలు చేరింది. ఎవరెస్టు శిఖరం ఎత్తును లెక్కగట్టింది కూడా ఆ సర్వేవారే.

గొలుసుకు అందని దూరం మరొకటి కూడా ఈ ఊళ్ళోనే పుట్టింది. మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష ప్రారంభించారు. 58 రోజులకు, డిసెంబరు 15న ప్రాణత్యాగం చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు మాత్రం అందులో చేరలేదు. ఆ రోజు ఇక్కడి తెలుగువారు ఇల్లు మారలేదు, వీధి మారలేదు. అయినా తెల్లవారేసరికి వేరే రాష్ట్రంవారయ్యారు. మనం దూరం వెళ్ళలేదండీ, దూరమే మన గుమ్మంలోకి వచ్చింది.

ఆ దూరం ఎంతో చూడాలంటే మూర్ మార్కెట్ కాంప్లెక్సులో సూళ్ళూరుపేట లోకల్ ఎక్కండి. రెండు గంటల ప్రయాణం. గుమ్మిడిపూండి, ఎలావూరు దాటాక ఆరంబాక్కం వస్తుంది, ఆ తర్వాత తడ. అవే పొలాలు, అదే గాలి, తూర్పున రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి ఆస్తి అయిన పులికాట్ సరస్సు. మారేది స్టేషను బోర్డు మీది లిపి ఒక్కటే. ఈమధ్య ఒక పెళ్ళికి వెళుతూ మా అన్నయ్య మనుమరాలిని కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. పదేళ్ళ పిల్ల. ఆరంబాక్కం బోర్డును తమిళంలో గడగడా చదివింది. తడ రాగానే ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుని, "చిన్న తాతయ్యా, పైన రాసింది మన తెలుగేనా?" అని అడిగింది. ఇంట్లో ముత్యాల్లాంటి తెలుగు మాట్లాడే పిల్ల!

తప్పు ఎవరిదని వెతికి లాభం లేదు. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాడు బడుల్లో ఒకటి నుంచి పదో తరగతి వరకు దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవలసిందే. పైగా అది తీయని భాష. కాకపోతే తెలుగు అక్షరాల భారం బడి నుంచి ఇంటికి బదిలీ అయింది.

మిగతా దూరాలన్నీ తగ్గిపోయాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నెల్లూరు చెక్కు ఇక్కడ వేస్తే అది ఔట్‌స్టేషన్ చెక్కు; కలెక్షనుకు వెళ్ళి డబ్బు జమ కావడానికి వారాలు పట్టేది. 2011 సెప్టెంబరులో చెన్నైలో కొత్త క్లియరింగు పద్ధతి వచ్చాక, క్రమంగా చెక్కు కాగితం ప్రయాణం మానేసి దాని బొమ్మ మాత్రమే వెళుతోంది. ఊరికి ఫోను చేయాలంటే, పావు చార్జీ కోసం రాత్రి పదకొండు దాకా ఎస్టీడీ బూతు దగ్గర పడిగాపులు పడిన రోజులూ పోయాయి. ఇప్పుడు అమెరికాలోని మనవడు ఏం తింటున్నాడో బామ్మకు ఫోనులోనే కనబడుతోంది. కాని మా నాన్నగారు నెల్లూరు నుంచి రాసిన కార్డులు ఇనప్పెట్టెలో అలాగే ఉన్నాయి. చదివి వినిపిస్తే మా మనుమరాలు పడీపడీ నవ్వుతుంది. తనంతట తాను మాత్రం చదువుకోలేదు. నెల్లూరుకు రైల్లో మూడు గంటలు. ఆ కార్డుకు ఎన్ని గంటలు?

లెక్కల మనిషిని కనుక ఒక చిన్న లెక్క వేశాను. మన అక్షరాలు 56. రోజుకొకటి చొప్పున 56 రోజులు. గుణింతాలకూ, ఒత్తులకూ ఇంకో నాలుగు నెలలు. పండుగలు, పరీక్షలు తీసేసినా ఏడాది తిరిగేసరికి పిల్లలు ఉత్తరం చదువుతారు. ఖర్చు ఒక పలక, రోజుకొక పావుగంట. ఇంత తక్కువ పెట్టుబడికి ఇంత లాభం ఏ డిపాజిట్టూ ఇవ్వదని, బ్యాంకువాణ్ణి, నేను హామీ ఇస్తున్నాను. తాతలూ బామ్మలూ, ఈ పని మనదే. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.

మా ఇంట్లో మొదలైంది. పోయిన ఆదివారం మా మనుమరాలు పలక మీద "తడ" అని రాసి చూపించింది. "డ" కొంచెం వంకరగా వచ్చింది లెండి.