అమ్మకు కనబడని అక్షరాలు

పోయిన బతుకమ్మ పండుగ ముందు మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఆస్తి గురించి కాదు, పెళ్ళి గురించి కాదు. రంగు గురించి!

సిరిసిల్లలో మా తమ్ముడికి నాలుగు సాంచాలున్నాయి, అంటే మరమగ్గాలు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టినప్పుడు వాటిలో చాలా నేసింది ఆ ఊరే కదా! ఆ పని ఉన్నన్నాళ్ళు రాత్రీ పగలూ సాంచాల చప్పుడే. పని తగ్గాక తమ్ముడు రెండు సాంచాలు బందు పెట్టాడు. "అక్కా, మనమే నెట్ల అమ్ముకుందామే" అన్నాడు ఒకరోజు. ఇక్కడ జగిత్యాలలో మా పాప కంప్యూటర్ డిగ్రీ చదువుతోంది. వెబ్‌సైట్ చేసే పని దాని నెత్తిన పడింది.

తెల్లటి పేజీ, దానిమీద సన్నని లేత బూడిదరంగు అక్షరాలు పెట్టింది. చూసి తమ్ముడు మొహం ముడుచుకున్నాడు. "పసుపు, ఎరుపు పెట్టు బిడ్డా, పండుగ లెక్క ఉండాలె."

"పెళ్ళి కార్డు లెక్క ఉంటది మామా!"

ఇక నాకు పాఠం మొదలైంది. రంగుకీ మనసుకీ సంబంధం ఉందట. నీలం చూస్తే నమ్మకం కలుగుతుందని చాలా బ్యాంకులు అదే వాడతాయట. గూగుల్ వాళ్ళు ఒక్క నీలంలోనే 41 ఛాయలు పెట్టి, జనం దేన్ని ఎక్కువ నొక్కుతారో పరీక్షించారట. ఫేస్‌బుక్ నీలం కథ మాత్రం వేరు. దాన్ని పెట్టిన జుకర్‌బర్గ్‌కు ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. నీలమే బాగా కనబడుతుందని ఆయనే చెప్పాడు.

నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని. ఊరుకుంటానా! "రంగుకు అర్థం ఊరూరికీ మారుతుందే. వాళ్ళ దేశంలో పెళ్ళికూతురికి తెల్ల గౌను, మన దగ్గర తెల్లచీర అంటే చాలామందికి గుర్తొచ్చేది వేరు. మన భాషలో 'పచ్చ' అంటే ఆకుదీ అవుతుంది, పసుపుదీ అవుతుంది. పచ్చగా ఉండమని దీవిస్తాం కూడా" అన్నాను. పాప నవ్వేసి ఊరుకుంది. సైట్ అలాగే పెట్టారు. పదిహేను రోజులు ఒక్క చీరా పోలేదు.

ఆ ఆదివారం కోరుట్లలో అమ్మ దగ్గరికి వెళ్ళాం. పాప మురిపెంగా ఫోన్ చేతికిచ్చింది. అమ్మ దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. "చీరలు మంచిగున్నయి గని, ధర రాయలేదేందే?"

ధర ఉంది. 'కొనండి' అనే బటన్ కూడా ఉంది. అమ్మకు కనబడలేదంతే. అమ్మకు ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కాలేదు. ఒక కన్ను మూసి, "గిట్ల చూస్తే గీ చీర తెల్లగుంది". రెండోది మూసి, "గిట్ల చూస్తే పసుపు కలిపినట్టుంది" అంది. పాప ఇంక మాట్లాడలేదు.

రాత్రి ఇంటికొచ్చి తనే వెతికింది. మామూలు సైజు అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణమే ఉందట. తన అక్షరాలు దానికి చాలా తక్కువలో ఉన్నాయి. తెల్లారేసరికి అక్షరాలు ముదురుగా, బటన్ కుంకుమ రంగులో కనబడ్డాయి. మామ, కోడలు ఇద్దరూ గెలిచారన్నమాట!

మొదటి ఆర్డర్ వచ్చింది. వారంలో చీర తిరిగీ వచ్చింది. ఫోటోలో మిరపపండులా ఉంది, ఇంటికొచ్చింది ఇటుక రంగు అని ఆవిడ బాధపడింది. బాగా కనబడాలని పాపే ఫోటోకు మెరుపు పెంచింది. రానూ పోనూ ఖర్చు తమ్ముడి మీద పడింది. వాడు ఒక్క మాట అనలేదు. అదే దానికి ఎక్కువ తగిలింది. ఆ పూట అన్నం తినలేదు.

అప్పుడు నాకు చిన్నప్పటి మా వాకిలి గుర్తొచ్చింది. గునుగు పూలకు రంగు అద్దేటప్పుడు అమ్మ ముందు ఒక్క పువ్వు ముంచి, ఎండలో పెట్టి చూసేది. సరిపోయిందనుకుంటేనే కట్టంతా ముంచేది. అదే చెప్పాను పాపకు.

ఇప్పుడు చీరల్ని పొద్దుటి వెలుగులో వసారాలో పరిచి ఫోటో తీస్తోంది, మెరుపులేమీ పెట్టడం లేదు. రంగుల పేర్లు రాసే పని నాది. నేరేడుపండు, ఉల్లిపొర, నెమలికంఠం, మామిడిపిందె... చదివిన చదువు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది! కొత్త చీర పెట్టే ముందు ఫోటో అమ్మకు వెళుతుంది. రంగేదో అమ్మ చెప్పాలి, ధరెంతో చదవాలి.

ఆ రెండు సాంచాలూ ఇంకా బందుగానే ఉన్నాయి. కాకపోతే పోయిన నెల ఏడు చీరలు పోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు.