దుష్టుడని ఎవరిని అనాలి?

విజయవాడలోనూ డెల్టా పల్లెల్లోనూ ఆదివారం ప్రార్థనకు వెళ్లేవాళ్లకు 37వ కీర్తన బాగా తెలుసు. దుష్టుడు పచ్చని చెట్టులా విస్తరిస్తాడు, కొన్నాళ్లకు వెతికినా కనిపించడు అని దాని సారాంశం. ఆ మాట కష్టంలో ఉన్నవాళ్లకు ధైర్యమిస్తుంది. అయితే మన ఎరుకల పిల్లలకు ఒక సందేహం వస్తుంది. ఇంతకీ దుష్టులంటే ఎవరు?

ఈ సందేహం వెనక ఒక చట్టం ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేసింది. ఒక తెగను నేరస్థ జాతిగా ప్రకటిస్తే చాలు, ఎవరు ఏ నేరం చేశారో రుజువు చేయనక్కర్లేదు. పేర్లు రిజిస్టరులో ఎక్కించేవారు, వేలిముద్రలు తీసుకునేవారు, హాజరు పలికించేవారు. సెటిల్మెంటు దాటాలంటే పాసు ఉండాలి. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. విజయవాడకు ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలోనూ ఒక సెటిల్మెంటు ఉండేది. వాటిని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. వాళ్లు బడి పెట్టారు, పని చూపించారు. కానీ బైబిలు చదివి వినిపించినవాళ్లే హాజరు పుస్తకమూ పట్టుకున్నారు.

ఆ పుస్తకం పోయినా చూపు పోలేదు. నా చిన్నప్పుడు బడిలో ఎవరి పెన్సిలు పోయినా ముందు మా సంచులే వెతికేవాళ్లు. కీర్తనలోని దుష్టులం మేమేనేమో అనుకునేదాన్ని.

పెద్దయ్యాక సొంతంగా చదివితే తెలిసింది, బైబిలు అలా చెప్పడం లేదని. యెహెజ్కేలు 18వ అధ్యాయం చూడండి. తండ్రి పాపం కొడుకు మీద పడదు. ఎవరు చేసినదానికి వాళ్లే జవాబుదారీ. చెడ్డవాడు చావాలని దేవుడు కోరడు, దారి మార్చుకుంటే బతుకుతాడు. ఎస్తేరు గ్రంథమైతే ఇంకా సూటిగా ఉంటుంది. మొర్దెకై తనకు వంగలేదని హామానుకు కోపం. ఆ ఒక్కడి మీద కోపంతో యూదులందరినీ చంపమని 127 సంస్థానాలకు తాకీదులు పంపాడు. చివరికి మొర్దెకై కోసం చేయించిన ఉరికొయ్యకు తానే వేలాడాడు. ఒక జాతినంతటినీ దోషులుగా రాసినవాణ్ణే ఆ గ్రంథం దుష్టుడంటోంది.

మన మీద రాసిన తాకీదు కూడా కూలింది. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అయితే ఏదీ దానంతటది కూలదు. ఎస్తేరు ప్రాణానికి తెగించి రాజు ముందుకు వెళ్లబట్టే ఆమె ప్రజలు బతికారు. స్టూవర్టుపురంలో మార్పు కోసం ఏళ్ల తరబడి పనిచేసిన హేమలతా లవణం మహాకవి జాషువా కూతురు, విజయవాడ నాస్తిక కేంద్రం మనిషి. దేవుణ్ణి నమ్మని ఆమె, దొంగతనానికి అలవాటుపడినవాళ్లు కూడా మారగలరని నమ్మింది. యెహెజ్కేలు చెప్పిందీ అదే కదా.

పని ఇంకా పూర్తి కాలేదు. స్టూవర్టుపురం అనగానే దొంగల సినిమా గుర్తొచ్చేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. విముక్త జాతులవారిని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకూడదని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పాల్సి వచ్చింది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మనలో ఎవరైనా తప్పు చేస్తే దాన్ని కప్పిపెట్టవద్దు, అది అతని లెక్క. ఆ లెక్క ఊరందరి మీద వేస్తే మాత్రం ఊరుకోవద్దు. తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. స్వాతంత్ర్య పోరాటం చెప్పేటప్పుడు 1871, 1911, 1952 ఈ మూడు సంవత్సరాలూ బోర్డు మీద రాయండి. మన పిల్లలు వాటిని తల వంచుకోకుండా చదవాలి.